బాపు పంపిన మట్టి

మంగళవారం, రాత్రి

బాపు పంపిన మట్టి వేసిన ప్లేట్లలో, పోషకాలు దండిగా కలిపిన అగార్ జెల్లీ మీద రెండు రోజులకే బ్యాక్టీరియా కిక్కిరిసిపోయింది. పోషకాలు తగ్గించిన అగార్‌లో అక్కడక్కడా చుక్కలే. మా చెలక మట్టికి మొదటిదే సరిపోతుందని కాలేజీ ల్యాబ్‌లో మేడమ్‌కు చెప్పేశాను కూడా. సాయంత్రం బాపుకు ఫోన్ చేస్తే తెలిసింది, ఆయన పంపింది చెలక మట్టి కాదట, పెంటకుప్ప పక్కదట!

"గా చౌడు మట్టి పదిమందికి చూపిస్తమా బిడ్డా? మంచిది చూసి పంపిన."

ఎరువు తిన్న మట్టి మరి, బ్యాక్టీరియా పెరగకేం చేస్తుంది?

ఆదివారం మా ఊరు మోత్కూరు వెళ్లి చెలకలో నేనే తవ్వుకొస్తాను. రెండు అగార్లలోనూ మళ్లీ పెంచాలి. రేపు మేడమ్‌కు తప్పు ఒప్పుకోవాలి.

బాపు మీద కోపం రావడం లేదు. కాలేజీలో మొదటిరోజు మీది ఏ ఊరని అడిగితే, మోత్కూరు పేరెత్తకుండా హైదరాబాద్ పక్కనే అన్నదాన్ని నేను.