ఆనందపురం కొండల్లో మన మడుగు

బావా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున్నే అక్కను తీసుకుని ఆనందపురం అవతల మన కొండ మడుగుకు వెళ్లాను. పోర్టులో డ్యూటీ లేని ఆదివారాల్లో మనిద్దరం ఈత కొట్టిన చోటే. తానూ వస్తానని అక్క అడిగినప్పుడల్లా, "ఆ రాళ్లల్లో నువ్వు నడవనేవే" అనేవాడివి. ఈ రోజు నాకంటే ముందే నడిచింది. నువ్వు దూకే బండ ఏదో చూపించమంది. చూపించాను. కాసేపు దాన్నే చూసి, కొంగు నడుముకు దోపుకుని మెడలోతు నీళ్లలోకి దిగింది.

"ఇంత సల్లటి నీళ్లు ఇన్నాళ్లూ మీరిద్దరే దాసుకున్నారేట్రా!" అని నవ్వింది.

నువ్వు పోయాక అక్క నవ్వడం అదే మొదటిసారి. ఎండెక్కినా, పైకి రమ్మని నేను పిలవలేదు బావా.