ఫోటోలో నా చేతులు

8 అక్టోబర్ 1998, గురువారం

రైలు. చెరకు క్రషింగ్ మొదలయ్యే లోపు ఫ్యాక్టరీ ఆఫీసర్లందరికీ సముద్రం చూపిస్తారట. గోవా దగ్గర రిసార్టు, పడవలో చేపల వేట. మేనేజర్ నిజామాబాద్ స్టేషన్లోనే గుడ్డ టోపీ పెట్టేశాడు, నెత్తి మీద రేకుల కప్పు ఉండగానే. అకౌంట్స్ రాజేశ్వర్ గాలాల మీద ఇంగ్లీషు పుస్తకం కొన్నాడు. ముళ్లు తీయడం రాక చేపే తినని మనిషి!

నేను కిటికీ పక్కన. ఒంటికి చేపల వాసన లేకుండా ఇరవై ఏళ్లు సబ్బుతో రుద్దుకున్న బెస్తవాణ్ణి... నాకు చేపలు పట్టడం నేర్పుతారట వీళ్లు.

బయల్దేరుతుంటే మా ఆవిడ సుజాత ఒక్కటే అడిగింది. "మీ అన్నకు చెప్పినవా?"

9, శుక్రవారం

పైన కొబ్బరాకులు, లోపల ఏసీ. గుడిసెలో ఉంటున్నామని ఒక్కొక్కరికీ ఎంత సంబరమో. నవీపేటలో మా వాడకు తీసుకుపోతే ఇదే మనుషులు ముక్కుకు రుమాళ్లు పెట్టుకుంటారు.

సాయంత్రం "ప్రకృతి సాహసం" పేరుతో మోకాలి లోతు బురదలో నడిపించారు. గైడు ఎండ్రకాయను చూపించాడు. చప్పట్లు! మేనేజర్ మూడు ఫోటోలు తీశాడు. వానాకాలం వస్తే అవి మా ఇంటి గోడలే ఎక్కేవి, అవ్వ చీపురుతో తోసేది.

నేనూ చప్పట్లు కొట్టాను. ఆ సంగతి కూడా రాసుకోవాలి కదా.

10, శనివారం

పడవ ఎక్కేముందు ఏం చేశానో నాకే తెలియలేదు. చెప్పులు విడిచి, వంగి నీళ్లు తాకి, కళ్లకద్దుకున్నాను. చెప్పుకాళ్లతో పడవెక్కితే గంగమ్మకు కోపమని చిన్నప్పుడు అన్న వీపు మీద ఒకటి వేసి మరీ నేర్పాడు. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ, వీళ్ల ముందు...

రాజేశ్వర్ చూడనే చూశాడు. "ఏందయ్యా, గిది పడవనా, గుడినా? చెప్పులిడుస్తున్నవ్?"

"జారుతదని" అన్నాను.

పడవ నడిపే ముసలాయన పక్కకు వచ్చి మరాఠీలో మెల్లగా అడిగాడు, నువ్వూ మా పనివాడివేనా అని. బోధన్ అంగట్లో నేర్చిన మరాఠీ ఉంది నాకు. కాదు, మాది వ్యవసాయం అన్నాను. ఆయన నా చేతుల వైపు ఒకసారి చూసి చుక్కాని దగ్గరికి పోయాడు.

రెండు గంటలు ఏమీ పడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మేనేజర్ గాలం కర్రను తిట్టాడు, ఎరను తిట్టాడు, సముద్రాన్నీ తిట్టాడు. చివరికి పడింది. పెద్ద చేపే, మొద్దు తల, వెండి పొట్ట. లాగింది ముసలాయన, "నేనే లాగాను" అన్నది ఈయన.

లోపలికి వచ్చాక పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఇంజనీరు పట్టి జారవిడిచాడు. అది పలకల మీద కొట్టుకుంటుంటే అందరూ కాళ్లు పైకి పెట్టుకున్నారు. అంత ఫ్యాక్టరీ నడిపే మగవాళ్లు! నా చేతులు వాటంతటవే పోయాయి. ఎడమ చెయ్యి పొట్ట కింద, కుడి చెయ్యి తోక మొదట్లో, బొటనవేలు లోపలికి మడిచి. చేప కదలకుండా నిలిచింది. మేనేజర్ చేప పక్కకు జరిగి నవ్వాడు. ఫోటో.

తర్వాత నీళ్లలో వదిలేశారు. తినడానికి కాదట, ఆటట. మూతి చీల్చి, ఊపిరాడకుండా పట్టి, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకుని, ఆఖరికి జీవదయ! మా అన్న వింటే తుపుక్కున ఉమ్మేస్తాడు.

11, ఆదివారం

అన్న వింటే — ఎట్లా వింటాడు? ఎండాకాలం నుంచి మా గడప తొక్కలేదు.

ఇక్కడైనా రాయాలి. ఆ రోజు మేనేజర్ మా క్వార్టర్లో టీ తాగుతున్నాడు. అన్న తడి గోనెలో కొర్రమట్టలు పట్టుకుని నేరుగా ముందు గదిలోకి వచ్చాడు, ఎప్పటిలాగే.

"ఎవరయ్యా ఈయన?"

"మాకు చేపలు తెచ్చేటాయన సార్."

నా నోరే. అన్న రెప్ప కూడా వేయలేదు. "అవ్ సార్. సార్‌కు నేనే ఏస్త చేపలు" అన్నాడు. నన్ను సార్ అన్నాడు. బాపు పోయాక నన్ను భుజాల మీద మోసుకుని బడికి తీసుకుపోయినవాడు. వెనక తలుపు దగ్గర గోనె దించి, నీళ్లు కూడా తాగకుండా పోయాడు. సుజాత ఆ చేపలు వండలేదు.

గురివింద గింజ తన నలుపు ఎరగదట. మూడు రోజులుగా వీళ్లను తిట్టుకుంటూ పేజీలు నింపుతున్నాను.

13, మంగళవారం

ఇల్లు. బూట్లలో ఇంకా ఇసుక.

24, శనివారం

మేనేజర్ గదిలో ఫోటో, చుట్టూ బంగారు రంగు పట్టీ. ఆయన పళ్లు, చేప, చేప కింద మణికట్ల దాకా రెండు చేతులు. మిగతా నేను లేను. చేతులు ఎవరివని ప్యూన్ అడిగాడట. "పడవవాడివి" అన్నాడట మేనేజర్. తప్పేం చెప్పాడు?

నాకూ ఒక కాపీ ఇచ్చాడు, పెద్ద మనసుతో.

25, ఆదివారం

నవీపేట. అన్న వాకిట్లో వల బాగు చేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "రాండ్రి సార్."

కింద కూర్చున్నాను. ఫోటో ఇచ్చాను. చాలాసేపు చూశాడు, మేనేజర్‌ను కాదు.

"బొటనేలు లోపటికి... గిది నేను నేర్పిన పట్టు. నీ మొకమేదిరా?"

"కోసేసిండ్రు."

"గాళ్లేనా కోసింది?"

సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చే ఆదివారం ఇంటికి రా అన్నా, అని అడిగాను. వల మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఈడ అంటున్నవ్ అన్నా అని. గాడ అను. గేటు కాడ నిలవడ్త. ఏమని పిలుస్తవో ఇన్నంకనే లోపటికొస్త."

1 నవంబర్, ఆదివారం

పొద్దున తొమ్మిది. నవీపేట బస్సు వచ్చే వేళ. ఎదురు క్వార్టర్ వరండాలో మేనేజర్ పేపర్ చదువుతున్నాడు, పక్కన రాజేశ్వర్. ఇవాళే తగలబడ్డాడు వీడు కూడా. లోపల రెండుసార్లు అని చూసుకున్నాను. రెండే అక్షరాలు. సుజాత ముందు తలుపు బార్లా తెరిచి, గడప పక్కన చెంబుతో నీళ్లు పెట్టి పోయింది.

గేటు దగ్గర గోనె దించిన చప్పుడు. అన్న గొంతు.

"సార్..."