కోర్టుకు కనిపించని వణుకు

జూలై 8, 2025, మంగళవారం

మా తమ్ముడు కొండల్ పక్కింటి రాయమల్లు తల పగలగొట్టాడు.

పోయిన వారం ఎక్సైజ్ వాళ్లు వచ్చి కల్లులో మత్తు పౌడర్ కలుపుతున్నారని దుకాణానికి తాళం వేశారు. మంచి పనే అనుకున్నాను. రోజూ అది తాగితేగానీ నిద్రపట్టని వాళ్లు నస్పూర్‌లో ఎంతమందో. రేపటి నుంచి వాళ్ల గతేంటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

తాళం పడ్డప్పటి నుంచి కొండల్‌కు నిద్ర లేదు. గోడ మీద చీమలంటాడు. ఈ పొద్దున రాయమల్లు ఆ చీమల్ని తన మీదికి తోలుతున్నాడని ఇటుకతో కొట్టాడు. ఆయనకు కుట్లు పడ్డాయి. వీడిని పోలీసులు పట్టుకెళ్లారు. ఫోన్ వచ్చేసరికి నేను సెవెంత్ క్లాసులో ఫ్రాక్షన్స్ చెబుతున్నాను. పీరియడ్ అయ్యేదాకా చెప్పాను. ఎందుకో తెలీదు.

జూలై 9

స్టేషన్‌లో కొండల్‌కు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో చేర్చారు. చేతికి బేడీ, బేడీ మంచానికి.

వీడు తాగి కొట్టలేదు సార్, తాగక కొట్టాడు అని ఎస్ఐతో అన్నాను. ఆయన నవ్వాడు. అయితే తాగించి వదిలేద్దామా అన్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. వీడికి పట్టుకున్నది కల్లు కాదట, అందులోని పౌడర్. ఒక్కసారిగా ఆగిపోతే మెదడు ఇలాగే తిరగబడుతుందట. జైల్లో పడేస్తే మళ్లీ ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు, డీఅడిక్షన్ వార్డుకు పంపాలి అని రాసిచ్చింది.

జూలై 11

లీగల్ ఎయిడ్ లాయర్ పేరు సదానందం. ఫీజు తీసుకోడు. టైమూ ఇవ్వడు. అయినా పిటిషన్ వేశాడు, జైలుకు బదులు చికిత్సకు పంపమని. జడ్జి గారు మనిషిని చూసి నిర్ణయిస్తానన్నారట. సోమవారం తెమ్మన్నారు.

చూడనీ. చొక్కా గుండీ పెట్టుకోలేని మనిషిని చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

జూలై 12

రాయమల్లు నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

జూలై 14, సోమవారం, మధ్యాహ్నం

పిటిషన్ కొట్టేశారు.

కొండల్ పెళ్లికొడుకులా నిలబడ్డాడు. చేతులు వణకలేదు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, తప్పయిందన్నాడు. ఒంట్లో ఎలా ఉందని జడ్జి గారు రెండుసార్లు అడిగారు, పాపం. మంచిగనే ఉందన్నాడు. జబ్బు కాగితం మీదే ఉంది, మనిషిలో లేదన్నాడు ప్రాసిక్యూటర్. రిమాండ్.

సదానందం నన్ను దొంగను చూసినట్టు చూశాడు.

అదే రోజు, సాయంత్రం 6

కన్నకొడుకు జైలుకు పోయినా ఆటోలో అవ్వ నిశ్చింతగా కూర్చుంది. ఆమె పక్కన వాటర్ బాటిల్. కోర్టు వరండాలో కానిస్టేబుల్‌ను బతిమాలి కొడుకుకు నీళ్లు తాగించిన బాటిల్ అది. మూత తీసి వాసన చూశాను. కల్లు.

"గట్ల వణుక్కుంట జడ్జి ముంగట నిలవడితె పరువేముంటది బిడ్డా? జర పోసిన. సక్కగ నిలవడ్డడు."

పెద్దమనుషుల ముందుకు వెళ్లేటప్పుడు చెయ్యి వణకకుండా ఒక గుక్క పోసి పంపడం మా ఇళ్లలో మామూలే. పంచాయతీకి వెళ్లేటప్పుడు అవ్వ బాపుకూ అలాగే పోసేది. కోర్టు కూడా అలాంటిదే అనుకుంది.

నడిరోడ్డు మీద అరిచాను. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. దుకాణం మూసేస్తే కల్లు ఎక్కడిదని అడిగాను. ఇచ్చోడ నుంచి చిన్నమ్మ బస్సులో పంపిందట, అక్కడి కల్లులోనూ ఇదే పౌడర్. తన కోసం తెప్పించుకొని బియ్యం డ్రమ్ములో దాచుకుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అవ్వ సాయంత్రం ఒక సీసా తాగుతుంది. ముసలమ్మ తాగితే దాన్ని ఎవరూ తాగుడనరు.

తనకు చుక్క ఉంచుకోకుండా ఉన్నదంతా వాడికే పోసిందట. చెప్పి మళ్లీ నిశ్చింతగా కూర్చుంది.

జూలై 16

జైల్లో ఫిట్స్. మళ్లీ ఆసుపత్రి. నాలుక కొరుక్కున్నాడు.

సదానందంతో జరిగింది చెప్పాను. ఫైలు మళ్లీ తెరిచాడు. ఆ మాట మీ అమ్మ జడ్జి ముందు చెప్పాలి రమ మేడం, వేరే దారి లేదన్నాడు. తననూ లోపలేస్తారని అవ్వకు భయం. నేను నచ్చచెప్పలేదు. ఓపిక లేదు. కొడుకు పరువు కావాలా కొడుకు కావాలా తేల్చుకో అన్నాను.

జూలై 18, శుక్రవారం

చెప్పింది.

కొండల్‌ను ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకుంటేగానీ నిలబడలేదు. అవ్వ బోను పట్టుకొని నిలబడింది. "నేనే పోసిన సారు. గా దినం మంచిగ కనవడ్డది మా కొండలు కాదు, కల్లు. గిప్పుడు సూడుండ్రి."

జడ్జి గారు డాక్టరమ్మ కాగితం మళ్లీ మొదటి నుంచి చదివారు. ఆర్డర్ ఇచ్చారు. కేసు నడుస్తుంది, కానీ మనిషి జైలుకు కాదు, కరీంనగర్‌లో చికిత్సకు. అవ్వను ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లమన్నారు.

సంతోషపడాలి. బస్సులో నిద్రపోయాను.

జూలై 20, ఆదివారం

కొండల్‌ను చూసొచ్చాం. అన్నం తిన్నాడు. రాయమల్లు ఎలా ఉన్నాడని అడిగి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, చాలా రోజులకు.

తిరిగొచ్చేటప్పుడు అవ్వ టీ అంతా చీర మీద పోసుకుంది. బస్సు కుదుపు అనుకున్నాను.

జూలై 22

బస్సు కాదు. అవ్వకు రెండు రోజులుగా నిద్ర లేదు. వాకిట్లో ఎవరో నిలబడ్డారంటుంది. ఎవరూ లేరు.

స్కూల్లో లీవులు అయిపోయాయి. అయినా రేపు కరీంనగర్ తీసుకెళ్తాను.

జూలై 23

మంచాలు ఖాళీ లేవు. కోర్టు పంపినవాళ్లకు ముందు ఇస్తారట. మాత్రలు రాసిచ్చి, ఇంట్లో ఒంటరిగా వదలొద్దన్నారు. మంచం ఖాళీ అయితే ఫోన్ చేస్తారు.

బస్టాండ్‌లో అవ్వ నా వైపు తిరిగింది.

"కొండలుకు మంచం దొరికింది గద. నేను సుత ఎవలనన్న కొట్టాల్నా బిడ్డా?"

నిజంగానే అడుగుతోంది.