ఎవలు పోయిండ్రు

సిరొంచ,
గురువారం

సాంబన్నా,

మా బాపు దినాలకు నువ్వు వస్తావని చూశాను. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మన బ్యాండు వాయించే డూమ్ మెటల్‌లో, ఆ మెల్లని బరువైన రాక్‌లో, గిటారు బరువు నాదే గానీ నడక నీది. చావు డప్పు కొట్టిన చేతులతో డ్రమ్స్ మీద దెబ్బకూ దెబ్బకూ మధ్య అంత ఎడం ఇచ్చేవాడివి. ప్రాక్టీసు మొదలవగానే పక్కింటి గంగక్క గుమ్మం దగ్గరకు వచ్చి, "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అనేది. నువ్వు నవ్వేవాడివి. నాకు తల కొట్టేసినట్టుండేది.

అందుకే రెండో ఆల్బంలో వేగం పెంచాను. మూడోదానికి నిన్ను తీసేసి డ్రమ్ మెషీన్ పెట్టాను. "నాగ్‌పూర్‌ల గిదే నడుస్తదన్నా" అని నీకు చెప్పింది అబద్ధం. అక్కడ ఇప్పటికీ మొదటి ఆల్బం పాటలే అడుగుతారు.

బాపు పోయిన రోజు అహేరి నుంచి వచ్చావు. వస్తూనే డప్పు తగిలించుకుని పాడె ముందు కొట్టావు. అగ్గికుండ పట్టుకున్న నాకు కాళ్లు ఆడలేదు. నీ దెబ్బకూ దెబ్బకూ మధ్య సరిగ్గా ఒక అడుగు పట్టింది. అలా ప్రాణహిత ఒడ్డు దాకా నడిచాను. నీ ఎడం ఎందుకో అప్పుడు తెలిసింది.

మెషీన్ మూట కట్టేశాను. ఆదివారం ప్రాక్టీసుకు రా అన్నా, నీకు నచ్చినంత మెల్లగా కొట్టు. గంగక్క అలవాటుగా వచ్చి అడుగుతుంది. ఈసారి నేనే గుమ్మం దగ్గరకు వెళ్లి, "మా బాపు పోయిండు గంగక్కా" అని చెప్తాను.

నీ తమ్ముడు