నాలుగు రాజధానులు, ఒక కాలు

మావయ్యకి,

నీ మేనకోడలు నమస్కారాలతో రాసేది. నేనిక్కడ బావున్నాను. నువ్వు తప్ప అక్కడ అందరూ బావున్నారని అత్తయ్య రాసింది.

ఫోను చేస్తే "ఆఁ? ఏంటీ? గట్టిగా!" అని నువ్వు, "గట్టిగానే అంటున్నా!" అని నేను. మన కబుర్లు మా వీధి మొత్తం వింటోంది, నువ్వు తప్ప. అందుకే ఈ ఉత్తరం.

కట్టు విప్పినా నీ చీలమండ తిరగట్లేదట. పాదం కిందికీ పైకీ ఆడిస్తూ ఉండకపోతే కీలు అలాగే బిగుసుకుపోతుందని, ఇక కుట్టు మిషను తొక్కడం మర్చిపోవాల్సిందేనని డాక్టరమ్మ చెప్తే, "ఊరికే కాలు ఊపుతూ కూర్చోడానికి నేనేమన్నా ఊయల్లో పసివాణ్ణా?" అన్నావట. కింద కొట్టు మూసే ఉందట. పక్కనున్న రెడీమేడ్ కొట్టాయన అప్పుడే "మిషను అమ్మేస్తారా?" అని అడిగి వెళ్ళాడట. ఆ మాట చదివాక నాకు ముద్ద దిగలేదు మావయ్యా.

నిన్ను బతిమాలి గెలిచినవాళ్ళు లేరు. అందుకని ఒక పని అప్పజెప్తున్నాను. పనంటే నువ్వు కాదనవు.

పొద్దస్తమానం పళ్ళ డాక్టరు గారి దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళ మూలుగులు విని ఇంటికొచ్చాక, నేను కంప్యూటర్లో ఒక ఆట ఆడతాను. రాజులు, మంత్రగాళ్ళు, రాక్షసులు ఉండే ఆట. ఎక్కడెక్కడివాళ్ళో ఒకేసారి అందులో తిరుగుతుంటారు. ఆ లోకంలో నాలుగు రాజధానులున్నాయి: వెండివాకిలి, పొగకొండ, ఆకుమేడ, నీటిపేట. మా జట్టు ఐదుగురం కలిసి వాటిలో ఒకచోట ఇల్లు కట్టుకోవాలి. ఒకసారి కడితే మార్చడానికి లేదు. ఏది గొప్పదో తేల్చుకోలేక జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాం. బట్ట ముట్టుకుని అదెన్నాళ్ళు మన్నుతుందో చెప్పేవాడివి, నువ్వే నాలుగూ తిరిగి చూసి, ఏది మొదటిదో ఏది చివరిదో వరస కట్టి చెప్పాలి.

నా పాత కంప్యూటర్ నా స్నేహితురాలు తెచ్చి తీగలు తగిలిస్తుంది. తనకి రైలుంది, కూర్చుని నేర్పేంత తీరిక ఉండదు. కాబట్టి జాగ్రత్తగా చదువు. చేత్తో మౌసు కదిపితే చూపు తిరుగుతుంది. మీటల పలక మీద, పైకి చూస్తున్న బాణం గుర్తు ఉన్న మీట నొక్కి పట్టుకుంటే ముందుకి నడుస్తావు. వదిలితే ఆగుతావు. అంతే. అందులో నీ బొమ్మ పేరు కత్తెరమావ.

ఇట్లు,
నీ పిచుక

తా.క.: మధ్యమధ్యలో డాక్టరమ్మ చెప్పినట్టు కాలు కూడా ఆడించు. ఇది పని కాదు, బతిమాలడమే.

*

చిరంజీవి పిచుకకి,

మావయ్య దీవించి రాసేది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గాని, ఇక్కడ కుశలం ఒక కాలికే ఉంది.

నీ స్నేహితురాలు వచ్చింది, తీగలు తగిలించింది, అత్తయ్య ఇచ్చిన కాఫీ సగం తాగి పరిగెత్తింది. కంగారులో పాపం మీటల పలకని బల్ల మీదే పెట్టేసి పోయింది. పోనీలే, నేను సర్దుకున్నాను. బాణం మీట దొరక్క మొదట్లో తిప్పలు పడ్డాను. దాని మీద ఓ కోటు బొత్తాం అంటించాక వెతుక్కునే బాధ తప్పింది.

వెండివాకిలి చూశాను. పాలరాతి మేడలు, బంగారు గుమ్మటాలు, పన్నీటి ఫౌంటెన్లు. కాని కూర్చోడానికి ఒక్క అరుగు లేదు. "బాబూ, ఇటు దారేది?" అని ఒక భటుడికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆ భటుడు పలకలేదు. అంత డాబు మనకెందుకు? పెళ్ళివారు అద్దెకి తెచ్చుకున్న కోటులా ఉంది ఊరు. చూడ్డానికి బావుంటుంది, చెయ్యెత్తితే చంకలో పట్టేస్తుంది. దీన్ని ఆఖర్న వెయ్యి.

రాజుగారి వీధి కొసాకి వెళ్ళేసరికి నా పిక్క పట్టేసింది. అంత దూరం నడిచి ఎన్నాళ్ళయిందో! అయినా ఒకటి చెప్పాలి. కిటికీలోంచి ఎదురింటి గోడ చూసి చూసి, అందులో ఏ ఇటుక ఎక్కడుందో నాకు కంఠతా వచ్చేసింది. అలాంటివాణ్ణి ఊరు తిప్పావు. నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: ఆ భటుల చొక్కాలకి బొత్తాలు లేవు, ఖాజాలు లేవు, ఎక్కడా కుట్టు లేదు. ఎలా తొడుక్కున్నారో, ఎలా విప్పుతారో కనుక్కుని రాయి. ఈ దిగులుతో నిద్ర పట్టట్లేదు.

*

మావయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం మా జట్టుకి చదివి వినిపించాను. "అద్దె కోటు" అన్న మాటకి పడీ పడీ నవ్వారు. వెండివాకిలే కావాలని గొంతు చించుకున్నవాడు కూడా నోరు మూసుకున్నాడు.

మరి పిక్క పట్టడమేంటి? నడిచేది బొమ్మ కదా, నువ్వు కాదు కదా! ఆ చెక్క కుర్చీలో గంటలు గంటలు కదలకుండా కూర్చుంటున్నావన్నమాట. నీకో మెత్తటి దిండు పంపుతున్నాను, వాడుకో. డాక్టరమ్మ మళ్ళీ చూసి, మిషను సంగతి అప్పుడు తేల్చి చెప్తానందట కదా. అప్పటికి కాలు కాస్తయినా కదలాలి మావయ్యా. కొట్టు లేకుండా నిన్ను ఊహించుకోవడం నా వల్ల కాదు.

ఇంకో మాట. మావాళ్ళు నిన్ను వెండివాకిలిలో చూశారట. అందరిలా తిన్నగా నడవకుండా, ఓ అడుగు వేసి ఆగి, మళ్ళీ ఓ అడుగు వేసి ఆగి వెళ్తున్నావట. అదేదో పెద్దమనిషి నడక అనుకుని నీ వెనకాల ఓ పదిమంది అలాగే నడిచారట. మీట గట్టిగా పట్టేస్తోందేమో చూసుకో.

ఇట్లు,
నీ పిచుక

తా.క.: భటులు బట్టలు విప్పరు. పుట్టడమే వాటితో పుట్టారు. నిశ్చింతగా నిద్రపో.

*

చిరంజీవి పిచుకకి,

ఆశీస్సులు. దిండు అందింది. దూదిపింజలా ఉంది. మడమ కింద పెట్టుకున్నాను, ప్రాణం లేచొచ్చింది.

పొగకొండ చూశాను. అమ్మో, ఏం మెట్లు! ఏం మెట్లు! కొండ కడుపులో ఊరు, ఊరి నిండా మెట్లు. పైకెక్కేసరికి చొక్కా తడిసి ముద్దయింది. అత్తయ్య తువ్వాలుతో తుడిచి, పిక్కకి నూనె రాసి, "అంత ఎత్తు ఒక్కసారే ఎందుకెక్కారు, సగంలో ఆగొచ్చుగా" అని కేకలేసింది. పైన ఒక పొట్టి కమ్మరి ఉన్నాడు. నేను వెళ్ళినప్పటి నుంచీ ఒకే ఇనుప ముక్కని కొడుతున్నాడు. అది పూర్తవదు, వాడు ఆపడు. ఇచ్చిన మాటకి బట్టలు అందివ్వనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను, నాకు అన్నయ్య దొరికాడు. వెచ్చగా ఉంది, మనుషులు కష్టజీవులు. మూడో స్థానం.

ఆకుమేడ మహా అందంగా ఉంది. చెట్ల మీద ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ వేలాడే వంతెనలు. కాని వంతెనకి పట్టుకోడానికి తాడు లేదు. పడ్డాను, పోయాను. ఎవరో ఆకుపచ్చ గౌను వేసుకున్న డాక్టరమ్మ వచ్చి, చెయ్యి చాపి లేపింది. మళ్ళీ పడ్డాను, మళ్ళీ లేపింది. విసుక్కోలేదు. "చాలా సంతోషం తల్లీ" అని రాద్దామని పలక మీద ప్రయత్నిస్తే, ఒకేసారి పిడికెడు అక్షరాలు పడ్డాయి. ఏ భాష అనుకుందో ఏమో, ఆవిడ నడుం వంచి దండం పెట్టింది. ముక్కూ మొహం తెలియనివాడి కోసం అంత ఓపిక పట్టిన మనిషి ఉన్న ఊరు, రెండో స్థానం.

నడక సంగతంటావా, మీట బాగానే ఉంది. నలభై ఏళ్ళ అలవాటు, నా లయ నాది.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: అత్తయ్య కూడా ఒకసారి వెండివాకిలి తిరుగుతానంది. చెప్పులు విప్పితేనే రానిస్తానన్నాను.

*

మావయ్యకి,

నమస్కారాల కంటే ముందు తిట్లు. నడుముకి పంపిన దిండు మడమ కింద పెట్టుకోవడమేంటి? ఆటలో మెట్లెక్కితే చొక్కా తడుస్తుందా? అత్తయ్య నూనె రాయడమేంటి, చెప్పుల గొడవేంటి? నిజం చెప్పు. ఆట పేరు చెప్పి నువ్వు వీధిలోకి వెళ్ళి మెట్లెక్కుతున్నావు కదూ? అత్తయ్య కూడా నీతో కలిసిపోయింది కదూ? ఆ కాలు మళ్ళీ మెలికపడితే ఏం చేస్తాం? రాజధానులూ వద్దు, ఏమీ వద్దు. నిన్ను ఈ పనిలోకి దింపిన నన్ను అనాలి.

కోప్పడుతున్నానని బాధపడకు. భయమేసి రాస్తున్నాను. అమ్మ ఆసుపత్రిలో ఉన్న ఏడాదంతా నేను నీ మిషను పక్కనే, గుడ్డ పేలికల మీద కూర్చుని చదువుకున్నాను. ఆ చప్పుడు ఆగితే తలెత్తి చూసేదాన్ని. నువ్వు "సూదిలో దారం ఎక్కిస్తున్నానే, చదువుకో" అనేవాడివి. నేను ఇవాళ ఉద్యోగం చేసుకుంటున్నానంటే ఆ మూల చలవే. ఇదెప్పుడూ నీ మొహం మీద చెప్పలేదు, ఉత్తరం కాబట్టి చెప్పగలుగుతున్నాను.

నీ మీటల పలక పాడైందని నా అనుమానం. ఒక చిన్నది, కొత్తది పంపుతున్నాను. అరచేతిలో ఇమిడిపోతుంది, తేలిక. డాక్టరమ్మ ఏమందో వెంటనే రాయి.

ఇట్లు,
నీ పిచుక

తా.క.: ఆ ఆకుపచ్చ డాక్టరమ్మ మా జట్టు మనిషే. అసలు మనిషి మందుల కొట్లో పని చేసే ఆరడుగుల మీసాలాయన. నీ అక్షరాలు చూసి ఏదో గొప్ప శ్లోకం అనుకున్నాడట.

*

చిరంజీవి పిచుకకి,

మావయ్య ఆశీస్సులు. వీధిలోకి వెళ్ళడానికి నాకు తీరికెక్కడిది? నాలుగు రాజధానులు నా నెత్తిన పెట్టింది నువ్వే కదా!

నువ్వు పంపిన కొత్త పలక అందింది. ఇదెవరి కోసం చేశారే? నా పాదం సగం కూడా పట్టట్లేదు. మడమ బయట, బొటనవేలు బయట. ఒక్క తొక్కు తొక్కానో లేదో "ఫట్" అంది. నీ పాతదే నయం. ఇన్నాళ్ళూ నేల మీద పెట్టి తొక్కినా చెక్కుచెదరలేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నా పాదం పట్టుకుని కిందికి వంచింది, వంగింది. పైకి ఎత్తింది, లేచింది. "భలే! ఇంట్లో ఏం వ్యాయామం చేశారండీ?" అంది. "ఏమీ చెయ్యలేదమ్మా, రాజధానులు తిరిగాను" అన్నాను. ఆవిడ అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య, "అవునండీ, నాలుగూ తిరిగారు. పొగకొండ అయితే రెండుసార్లు ఎక్కారు" అంది. డాక్టరమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మాకు మతి పోలేదని నమ్మించడానికి నీ మొదటి ఉత్తరం జేబులోంచి తీసి ఇచ్చాను. "చూడండి, మీట తొక్కి పట్టుకోమని మా పిల్లే రాసింది. చేతికి మౌసు, కాలికి మీట. మా మిషనూ అంతే, చేతికి గుడ్డ, కాలికి పెడల్" అని వివరించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం దగ్గరికి లాక్కుని, దూరంగా పెట్టుకుని చదివింది. "అయ్యా, ఇది తొక్కి కాదు. నొక్కి. చేత్తో నొక్కాలి" అంది.

నేను కాగితం వెనక్కి లాక్కుని మళ్ళీ చదివాను. తర్వాత ముందుగా అత్తయ్య నవ్వింది, ఆవిణ్ణి చూసి డాక్టరమ్మ, ఆఖర్న నేను. బయట కూర్చున్నవాళ్ళు తలుపు తోసుకుని వచ్చారు.

పిచుకా, నీ 'న' రాత అచ్చం 'త' లాగే ఉంటుంది. చేతిరాత దిద్దుకోమని పంతులమ్మలంతా మొత్తుకుంటే వినలేదు నువ్వు. వాళ్ళ మాట వినకపోవడమే మంచిదైంది. నువ్వు గుండ్రంగా, ముత్యాల్లా రాసుంటే, ఈ పాటికి నా కాలు కర్రలా బిగుసుకుపోయి, ఆ మిషను ఎవరింట్లోనో పూలకుండీ కింద బల్ల అయ్యుండేది.

ఇంటికొచ్చాక చేత్తో నొక్కి కూడా చూశాను. బొమ్మ నడుస్తోంది, నేను నడవట్లేదు. ఇందులో మజా ఏముందే? మీరంతా ఇన్నేళ్ళుగా ఇలాగా ఆడుతున్నారు?

అసలు తీర్పు రాయలేదు కదూ. మొదటి స్థానం నీటిపేటకి. కాలవల మీద ఊరు, పడవల్లో అంగళ్ళు. అవన్నీ నాకెందుకుగాని, వంతెన దిగగానే ఎడం పక్క ఒక దర్జీ కొట్టు ఉంది. తలుపులు బార్లా తీసుంటాయి, దీపం వెలుగుతుంటుంది. దర్జీ తల వంచుకుని కుడుతుంటాడు. ఎంతమంది వచ్చినా, ఎవరూ రాకపోయినా అంతే. నేను ఆ గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాను. నాకు ఏడుపొచ్చింది. కాలు రాకపోయినా పర్లేదులే, మిషను ఇచ్చేద్దాం అని అత్తయ్యతో అన్నవాణ్ణి, ఆ రోజే ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఊరంటే అలా ఉండాలి. పని చేసుకునేవాడికి ఒక దీపం, తెరిచిన తలుపు. మీరు అక్కడే ఇల్లు కట్టుకోండి.

నిన్న కొట్టు తెరిచాను. మెట్లు ఒక్కొక్కటీ నేనే దిగాను, అత్తయ్య వెనకాల "మెల్లిగా, మెల్లిగా" అంటూ. మిషనుకి నూనె వేసి, పాదం పెట్టి తొక్కాను. మొదట మొరాయించింది, తర్వాత తిరిగింది. ఆ చప్పుడు విని రెడీమేడ్ కొట్టాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మళ్ళీ మిషను అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన ప్యాంటు పట్టుకొచ్చాడు, నడుం దగ్గర వదులు చెయ్యమని.

మీ అమ్మ ఆసుపత్రి రోజుల గురించి రాశావు. ఆ ఏడాది నువ్వక్కడ కూర్చోకపోతే నేనూ మిషను ముందు కూర్చోలేకపోయేవాణ్ణి. అక్క గురించి దిగులు నాకూ ఉండేది. నువ్వు పాఠం చదువుతుంటే కాలు దానంతటదే ఆడేది. అప్పుడూ ఇప్పుడూ నా కాలు ఆడించింది నువ్వే. నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియట్లేదు, అందుకే బట్ట తీసి పెట్టాను.

ఇట్లు,
కొట్లోంచి,
నీ మావయ్య

తా.క.: మీ జట్టు ఐదుగురి కొలతలు వెంటనే పంపు, తలా ఒక చొక్కా కుడుతున్నాను. ఆట కొలతలు కాదు, అసలు కొలతలు. ఆ మీసాల డాక్టరమ్మకి మాత్రం ఆకుపచ్చదే, ఆయన గొడవపడ్డా సరే.