తమ్ముడికి చెప్పాల్సిన మాట

జూన్ 4
మొన్న సోమవారం ఉదయమే కళ్ల ముందు మెదులుతోంది. ప్రార్థన ముగించి వంటగదిలోకి వచ్చేసరికి తమ్ముడు స్టూలు మీద కూర్చుని షూ లేసు కట్టుకుంటున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. పాలగ్లాసు పక్కన ఐరన్ మాత్ర పెట్టాను. వాడు పాలిపోయాడని నెల రోజులుగా నేనే ఇస్తున్నాను. విరేచనం నల్లగా అవుతోందక్కా అన్నాడు. ఆ మాత్రలకు అంతేలే, మింగు అన్నాను. నువ్వు డాక్టరువి కాకపోవడం లోకం చేసుకున్న పుణ్యం అని నవ్వి, మింగి, తను పనిచేసే ల్యాబుకు వెళ్లాడు.

మధ్యాహ్నం అక్కడే కూలిపోయాడు.

అది మాత్ర రంగు కాదన్నారు ఆస్పత్రిలో. రక్తం. పాంక్రియాస్ పాడై, దాని పక్కనున్న రక్తనాళం గోడ పల్చబడి బుడగలా ఉబ్బిందట. అందులోంచి లోపల్లోపలే పేగులోకి కారుతోందట.

జూన్ 5, ఉదయం 6
నాళంలోకి సన్నటి తీగ పంపి, కాయిల్ అనే లోహపు చుట్ట పెట్టి మూశారు. దేవుడి దయ.

జూన్ 7
లేచి కూర్చున్నాడు. కూర్చోగానే నర్సుకు పాఠం మొదలు. నూనెలో నీటిబొట్టును వేలాడదీసి, రెండు పలకల మధ్య వోల్టేజి పెంచుకుంటూ పోవడం ల్యాబులో వాడి పని. బొట్టు సాగుతుంది, గుడ్డులా అవుతుంది, ఓర్చుకుంటుంది. ఒక హద్దు దగ్గర కొన మొనదేలి చిమ్ముతుంది. ఆ హద్దును ముందే లెక్క కట్టొచ్చట. ముందు సూది గుచ్చనివ్వండి సార్, తర్వాత పరీక్ష రాస్తాను అంది ఆ పిల్ల.

నా బుడగకు హద్దెంతో డాక్టర్ని అడుగక్కా అన్నాడు. అడిగాను. అది లెక్కకు అందదమ్మా అన్నాడాయన.

జూన్ 8
మళ్లీ నల్లగా.

జూన్ 10
రెండోసారి పెట్టిన కాయిల్ కూడా ఆపలేదు. కోస్తే బల్ల మీదే పోతాడన్నాడు సర్జన్. ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే పేగులోకి కారిపోతోంది.

మరదలికి మాత్ర సంగతి చెప్పేశాను. వాడి దుప్పటి అంచు సరిచేస్తూ ఉండిపోయింది. ఎంత పని చేశావు వదినా అని ఒక్క మాట తిట్టినా బాగుండేది.

ప్రార్థనకు కూర్చున్నాను. ఏం అడగాలో తోచక లేచాను.

జూన్ 11, సాయంత్రం
మరదలూ, చెల్లెలూ, నేనూ వరండాలో నిలబడే నిర్ణయించాం. ఇక రక్తం వద్దు. రేపు ఇంటికి తీసుకెళ్లిపోదాం. వాడికి మాత్రం తగ్గిందని చెప్పాలి. ఎవరు చెప్పాలంటే ఇద్దరూ నా వైపే చూశారు. అక్క అబద్ధం ఆడదని వాడి నమ్మకమట.

సరేనన్నాను.