మనవాడు తాగిన టీ

ఫరీదాబాద్

ప్రియమైన సదాశివరావు బాబుకు,

సీతారత్నం చెప్పగా, ఢిల్లీ మునిర్కాలో ఉండి చదువుకుంటున్న మనవరాలు సాయిసుధ రాస్తున్నది. 'ప్రియమైన' ఎందుకు బామ్మా అంది. ఉండనీ, మేనేజరుకు ఆ మాటైనా దక్కనీ అన్నాను.

మీ రాళ్ళ మిల్లులో జుట్టు నెరిసేదాకా పొడి ఊడ్చాను. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఊపిరందదు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని ఆసుపత్రిలో చెప్పారు. నష్టపరిహారం అడిగితే మీరు మా గదికొచ్చారు. "మాదీ శ్రీకాకుళమే పిన్నీ" అంటూ మంచమ్మీద కూర్చుని టీ తాగారు. నేను అడ్డపొగ కాలుస్తుంటే, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునే ఆడవాళ్ళని చూసి ఎన్నాళ్ళయిందో అని మురిసిపోయారు. వెళ్ళి, జబ్బు చుట్టవల్లేనని కంపెనీకి రాసి పడేశారు. ఢిల్లీవాడికైతే ఆ సంగతి తట్టేది కాదు.

చుట్ట ముట్టని కుర్రాళ్ళూ మిల్లులో దగ్గుతున్నారు. వాళ్ళకేం రాస్తారు?

మీకు టీ పోసినందుకు సిగ్గుపడుతూ,
సీతారత్నం

*

గౌరవనీయులైన సీతారత్నం గారికి,

మీ పట్ల సానుభూతి ఉంది. అయితే కార్మికులందరికీ మాస్కులు ఇస్తున్నాం. మీ సొంత అలవాటుకు కంపెనీ బాధ్యత వహించదు.

మీ శ్రేయోభిలాషి,
సదాశివరావు, మేనేజర్

*

శ్రేయోభిలాషి బాబుకు,

మాస్కులు నేనూ చూశాను. తనిఖీవాళ్ళొచ్చిన రోజున ఇచ్చేవారు. వాళ్ళ కారు గేటు దాటగానే తిరిగి డబ్బాలో వేయించేవారు. ఆ డబ్బా పట్టుకు తిరిగింది మీరే.

లేబర్ కోర్టులో కేసు వేశాను. పని పోతుందని మిల్లువాళ్ళెవరూ సాక్ష్యానికి రారు. ఒక్కదాన్నే చెప్పుకుంటాను. దగ్గొస్తే జడ్జిగారే ఆగుతారు.

ఇంకా ఊపిరున్న,
సీతారత్నం

*

ప్రియమైన పిన్నికి,

ఇన్ని నెలల తర్వాత ఏ మొహంతో రాస్తున్నానో తెలియదు. నాకూ అదే దగ్గు, స్కానులో అదే రాతిపొడి. నా ఆఫీసు గది రాళ్ళు పొడిచేసే షెడ్డును ఆనుకునే కదా. ఉద్యోగం మానేసి పరిహారం అడిగాను. నా సీట్లోకొచ్చిన ఉదయ్‌కిరణ్ మన తెలుగువాడే. మా ఇంట్లో భోంచేసి వెళ్ళి, రోజూ వేసే సాంబ్రాణి పొగే కారణమని రాశాడు. నేను జన్మలో చుట్ట ముట్టలేదు పిన్నీ. మీ వకీలు ఎవరో చెబుతారా?

మీ
సదాశివరావు

*

ప్రియమైన సదాశివరావుకు,

ఈసారి సాయిసుధ ఆ మాటకు అడ్డు చెప్పలేదు. నవ్వుతూ రాస్తోంది. నేనూ నవ్వబోయి, దగ్గొచ్చి మానుకున్నాను. మళ్ళీ పిన్నినయ్యాను కనుక నువ్వనే అంటున్నాను.

నాకు చుట్ట, నీకు సాంబ్రాణి. నీ దగ్గర నేర్చిన విద్యే, ఉదయ్‌కిరణ్ ఇంకాస్త భక్తిగా చేశాడు. నీకైతే భోజనం పెట్టించుకునే తెలివి కూడా లేకపోయింది.

వకీలు పేరు ఊరికే చెప్పను. మంగళవారం నా కేసుంది. వచ్చి, మాస్కుల డబ్బా సంగతి నీ నోటితో చెప్పు. చెప్పావంటే, నీ కేసు రోజున నేనొచ్చి నువ్వు కూర్చున్న చోట ఎంత పొడి ఊడ్చానో చెప్తాను.

ముందురోజు గదికి రా. టీ పోస్తాను. గ్లాసు మాత్రం ఈసారి నువ్వే కడుగు.

సీతారత్నం